దొర రాయని ఆరు భయాలు

బస్ స్టేషన్‌లో ఆవిడను అందరూ గమనికమ్మ అంటారు. పన్నెండేళ్లుగా అద్దాల గదిలో కూర్చుని "ప్రయాణికులకు గమనిక" అంటూ మైకులో బస్సుల రాకపోకలు చెప్పడం ఆవిడ ఉద్యోగం. నున్నటి గొంతు, ఎత్తూ పల్లం ఉండదు. బస్సు వచ్చినా అదే గొంతు, రాకపోయినా అదే గొంతు, బ్రేకులు పట్టక గోడను గుద్దుకున్నా అదే గొంతు. ఆ ఉద్యోగానికి ఒకటే నియమం. మైకు నొక్కాక మౌనం పనికిరాదు. కాగితం మీద సగం సమాచారమే ఉన్నా, అంకె చెరిగిపోయినా, మిగతాది అప్పటికప్పుడు అతికించి వాక్యం పూర్తి చేయాల్సిందే. మైకులో నాలుగు క్షణాలు చప్పుడు లేకపోతే జనం ఏదో కొంప మునిగిందనుకుని గేటు వైపు పరిగెత్తుతారు. ఇంకో సంగతి, ఆ కాగితం వచ్చేది ఇంగ్లీషులో. ఆవిడ దాన్ని చూస్తూ చూస్తూనే తెలుగులో చెప్పేస్తుంది. ఈ రెండు విద్యలూ కలిసి ఒక పెద్దమనిషి పరువును ఏ గట్టున పడేశాయో చెప్పడానికే ఈ కథ.

ఆ పెద్దమనిషి ఎవరో కాదు, ఆవిడ మామగారే. ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. ముప్పై ఏళ్లుగా ఒక మాసపత్రికలో దయ్యాల నవలల మీద సమీక్షలు రాస్తున్నాడు. శీర్షిక పేరు 'భూతద్దం'. పాఠకులు ఆ పేరే ఆయనకు తగిలించి భూతద్దం తాతగారు అంటారు. ఆయన బాగుందంటే జనం ఎగబడి కొంటారు. చప్పగా ఉందన్నాడా, ఆ పుస్తకాన్ని పిల్లి కూడా వాసన చూడదు. అలాంటి మనిషికి రెండేళ్ల కిందట చూపు మందగించింది, నిరుడు పూర్తిగా పోయింది. ఆ సంగతి పత్రికవాళ్లకు చెప్పలేదు. చెబితే జాలిపడతారని ఆయన రోషం.

"ఇక చాల్లే నాన్నా, విశ్రాంతి తీసుకో" అన్నాడు కొడుకు. డిపోలో మెకానిక్కు, మాట తక్కువ మనిషి.

"విశ్రాంతి తీసుకోడానికి నేనేమన్నా నీ డొక్కు బస్సునా?" అన్నాడు పెద్దాయన.

అనడమే కాదు, అదే వారంలో కొండంత పని నెత్తికెత్తుకున్నాడు. ఒక బ్రిటిష్ రచయిత రాసిన పన్నెండు భయానక నవలల్నీ నెలకొకటి చొప్పున వరసగా సమీక్షిస్తానని పత్రికలో ప్రకటించేశాడు. ఆ రచయిత ఏ నవల మొదలుపెట్టినా మొదటి పేజీలోనే పొగమంచు కమ్ముకుంటుంది కాబట్టి పెద్దాయన అతనికి పొగమంచు దొర అని పేరు పెట్టాడు. ప్రకటించాడు సరే, చదివేదెవరు? కొడుక్కి నట్లూ బోల్టులూ తప్ప అక్షరాలు తలకెక్కవు. మిగిలింది కోడలు.

"నాకు దయ్యాలంటే భయం మామయ్యా" అంది గమనికమ్మ.

"భయం లేనివాళ్లు చదివితే నాకేం లాభమమ్మా? ఉప్పు చూడమని నాలుక లేనివాడికిస్తామా?" అన్నాడాయన. "ఇంగ్లీషులో వద్దు, నువ్వు చూస్తూ తెలుగులో చెప్పు. మనిషి ఉలిక్కిపడితే ఏ భాషలో అమ్మో అంటాడో, ఆ భాషలో వింటేనే భయం అసలుదో నకిలీదో తేలుతుంది."

ఆవిడ కాదనలేకపోయింది. పెళ్లై వచ్చిన కొత్తలో తనకు ఇంగ్లీషు నేర్పి, పక్కన కూర్చుని ఉద్యోగం పరీక్షకు చదివించింది ఆయనే మరి. ఉదయం షిఫ్టు ముగించుకుని మూడింటికి ఇల్లు చేరడం, ఆయనకో గ్లాసు టీ ఇచ్చి తనో గ్లాసు తాగి, కిటికీ పక్కన కూర్చుని పుస్తకం తెరవడం. అదీ ఏర్పాటు. మొదటి రోజు పది పేజీలైనా కాకముందే పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు.

"ఏంటమ్మా ఆ చదవడం? దయ్యం మరికొద్దిసేపట్లో మూడో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తోందన్నట్టు!"

"నా గొంతు ఇంతే మామయ్యా. కావాలంటే మానేస్తా" అంది ఆవిడ, మానేయమంటాడేమోనన్న ఆశతో. ఆయన ఆ మాట విననట్టే టీ తాగాడు.

మొదటి రెండు నవలలూ ఎలాగో గట్టెక్కాయి. తలుపులు కిర్రుమనడం, పిల్లి మాయమవడం తప్ప వాటిలో ఏమీ లేదు. మూడోదాని పేరు 'తడి మెట్లు'. సముద్రంలో మునిగి చచ్చిన భర్త శవం ఇంటి మెట్లెక్కి పైకొచ్చే ఘట్టం అందులో ఎనిమిది పేజీలుంది. గమనికమ్మ కళ్లకు నోటికంటే ఒక లైను ముందు పరిగెత్తే అలవాటు. ఆ కళ్లు ముందుకెళ్లి, శవం కళ్లను పీతలు తినేయడం చూసి వచ్చాయి. ఆవిడ గబుక్కున పేజీ తిప్పింది, అక్కడా పీతలే. ఇంకోటి తిప్పింది, అక్కడ పీతలకు తోడు పురుగులు. ఎదురుగా మామగారు చెవి రిక్కించి కూర్చున్నాడు. మైకు నొక్కి ఉంది, నాలుగు క్షణాలు కావస్తోంది. పన్నెండేళ్ల అలవాటు, ఎక్కడికి పోతుంది? నోరు తన దారిన తాను సాగిపోయింది. శవమూ లేదు, పీతలూ లేవు. ఆ ఇల్లాలు పొద్దున్నే లేచి చూస్తే కింది మెట్టు మీద ఒకే ఒక్క తడి అడుగు ఉందని చెప్పింది. అక్కణ్నుంచి ఏం తోస్తే అది చెప్పుకుంటూ పోయింది. ముగించి తలెత్తి చూస్తే పెద్దాయన రెండు చేతులతోనూ కుర్చీని గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

"అమ్మాయ్, లైటు వేసుందా?" అన్నాడు.

మధ్యాహ్నం మూడున్నర. కిటికీలోంచి ఎండ ఆయన ఒళ్లో పడుతోంది. పైగా చూపు లేని మనిషి. "వేసే ఉంది మామయ్యా" అంది గమనికమ్మ. అప్పుడే నిజం చెప్పేస్తే పోయేది. చెప్పలేదు. మర్నాడు ఆయన సమీక్ష చెబుతుంటే రాసింది కూడా ఆవిడే. "రాసుకో. ఒక్క నెత్తుటి చుక్క చిందకుండా ఒక్క తడి అడుగుతో ప్రాణాలు తోడేసిన ఈ దొర మహానుభావుడు" అన్నాడాయన. ఆవిడ రాసింది. ఒక్క అక్షరం పొల్లు పోలేదు.

ఒకసారి గోడ దూకిన కాలు ఊరుకుంటుందా? నాలుగో నవలలో ఒకచోట, ఐదో దాంట్లో ఇంకోచోట. ఆరో నవలలో దయ్యం కాస్త మర్యాదస్తురాలు కాబట్టి ఉన్నదున్నట్టు చదివింది. ఏడు, ఎనిమిది, తొమ్మిదిలో మళ్లీ అదే తంతు. మొత్తం ఆరుచోట్ల దొర నోరు మూయించి తన నోరు తెరిచింది. ప్రతిసారీ పెద్దాయన కుర్చీ పట్టుకోవడమూ, దొరను ఆకాశానికెత్తడమూ జరిగిపోయాయి.

పదో నవల మొదలుపెట్టబోయే రోజు పత్రిక నుంచి కవరొచ్చింది. ఇంటికొచ్చిన ఉత్తరాలు ఆయనకు చదివిపెట్టేదీ గమనికమ్మే. కవరు చించి, ముందు తను ఒక చూపు చూసింది. పై ప్రాణాలు పైనే పోయాయి.

రాసింది ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు. దానికి ఎడిటర్ ఒక చీటీ జతచేశాడు. "ఈ ఉత్తరం వచ్చే సంచికలో వేస్తున్నాం. ఈ ఆదివారం పాఠకుల సభకు వచ్చి మీరే సమాధానం చెప్పండి. చెప్పలేకపోతే 'భూతద్దం' ఆపేయక తప్పదు" అని ఉంది అందులో.

"ఎవరమ్మా, అభిమానా?" అంటూ పెద్దాయన ముందుకు వంగి కూర్చున్నాడు. ముఖమంతా చిరునవ్వు. అభిమానుల ఉత్తరాలంటే ఆయన చెవి కోసుకుంటాడు.

"భూతద్దం గారికి నమస్కారం. తమ సమీక్షలు చదివి..." అని మొదలుపెట్టింది గమనికమ్మ. ఆ తర్వాతి మాట నాలుక మీద సిద్ధంగా ఉంది. ఎంతో ఆనందించాను, తమబోటివారు ఇంకా రాయాలి, అంతే. రెండు వాక్యాలు అతికిస్తే ఇవాళ గండం గడిచిపోతుంది. ఆదివారం సంగతి ఆదివారం. కానీ చెవి వెనక చెయ్యి పెట్టుకుని, తను ఏం చెబితే అది నమ్మడానికి సిద్ధంగా ఉన్న ఆ ముఖాన్ని చూసేసరికి ఆవిడకు తన మీద తనకే రోత పుట్టింది. పన్నెండేళ్లలో మొదటిసారి మైకు నొక్కి ఉండగా ఆగిపోయింది. నాలుగు క్షణాలు గడిచాయి. పది గడిచాయి.

"ఏమ్మా, బస్సు ఆగిపోయిందా?" అన్నాడు పెద్దాయన.

అప్పుడు చదివింది, ఉన్నది ఉన్నట్టు.

"తమ సమీక్షలు చదివి ఆ తొమ్మిది నవలలూ కొన్నాను. మూడో నవలలో తమరు మెచ్చుకున్న తడి అడుగు కోసం మూడుసార్లు వెతికాను. లేదు. మొత్తం ఆరుచోట్ల తమరు పొగిడినది పుస్తకంలో లేదు, పుస్తకంలో ఉన్నది తమ సమీక్షలో లేదు. తమరు పుస్తకాలు చదవకుండానే రాస్తున్నారని నా నమ్మకం. భూతద్దం పట్టుకున్న మనిషికి కళ్లు కూడా ఉండాలి."

ఆ ఆఖరి వాక్యాన్ని కూడా మింగలేదు. చీటీతో సహా చదివి, కాగితం మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"ఆ ఆరూ నువ్వు చెప్పినవా?"

"అవును మామయ్యా. భయమేసి."

పెద్దాయన కేకలు వేస్తాడనుకుంది. వేసినా బాగుండేది. "ముప్పై ఏళ్ల పేరమ్మా అది" అన్నాడు, అంతే. లేచి లోపలికి వెళ్లబోతూ, రోజూ తడబడకుండా దాటే గుమ్మానికి భుజం కొట్టుకున్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. గమనికమ్మ వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే మొగుడు వచ్చి పక్కన నిలబడ్డాడు. సంగతంతా విని, చాలాసేపు ఆలోచించి, "అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నువ్వు మరీ అతికించేశావే!" అన్నాడు. ఆవిడకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మర్నాడు మూడింటికి ఆవిడ వచ్చేసరికి పెద్దాయన కుర్చీలో సిద్ధంగా ఉన్నాడు.

"పుస్తకాలు తే. వదిలేసిన ఆరూ చదువు. ఈసారి ఒక్క ముక్క మింగావో, చూడు మరి!"

మూడు మధ్యాహ్నాలు పట్టింది. గమనికమ్మ పీతల్ని చదివింది, పురుగుల్ని చదివింది, గొడ్డలితో చీల్చిన కడుపుల్ని చదివింది. రెండుసార్లు పుస్తకం పడేసి వాష్ బేసిన్ దగ్గరికి పరిగెత్తింది. ముఖం కడుక్కుని మళ్లీ వచ్చి, ఆపిన చోటు నుంచే చదివింది. మూడో రోజు అన్నిటికంటే ఘోరమైన ఘట్టంలో ఆవిడ ఉండగా గుర్రు వినిపించింది. తలెత్తి చూస్తే మామగారు గడ్డం గుండెల మీద ఆనించుకుని హాయిగా నిద్రపోతున్నాడు.

"మామయ్యా!"

"ఆఁ... వింటున్నా, వింటున్నా. ఇంకా తింటూనే ఉన్నాయా అవి?"

అలా అన్నాక ఆయనే ఉలిక్కిపడి నిటారుగా కూర్చున్నాడు. తర్వాత కర్రతో నేలను ఒక్క పోటు పొడిచాడు.

"అయితే ఇన్నాళ్లూ నా చేత కుర్చీ పట్టించింది ఎవరమ్మా? ఈ పీతల దొరా, నువ్వా?"

గమనికమ్మ పుస్తకం మూసింది.

"ఆదివారం నువ్వూ వస్తున్నావు. తాడోపేడో అక్కడే తేల్చుకుందాం."

"జనం ముందా? నా వల్ల కాదు మామయ్యా. మధ్యలో అద్దం లేకపోతే నాకు మాట రాదు."

"పీతల్ని మింగినదానివి, జనం ఒక లెక్కా?" అన్నాడు పెద్దాయన. ఆ మూడు రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదటిసారి.

పాఠకుల సభ గ్రంథాలయం మేడ మీది హాల్లో, మిట్టమధ్యాహ్నం. డెబ్బై కుర్చీలు, ఖాళీ ఒక్కటీ లేదు. ఉత్తరం సంగతి అప్పటికే అందరికీ పాకింది. ముందు వరసలో లెక్కల మాస్టారు కూర్చున్నాడు. ఒళ్లో తొమ్మిది నవలలు, ఒక్కోదాంట్లో చీటీ గుర్తులు. పెద్దాయన కోడలి భుజం మీద చెయ్యి వేసుకుని, కర్రతో తడుముకుంటూ నడిచి వస్తుంటే హాలంతా గుసగుసలు ఆగిపోయాయి. ఆయనకు చూపు లేదని వాళ్లకు తెలియడం అప్పుడే. మాస్టారి ముఖం నల్లబడింది. తను రాసిన ఆఖరి వాక్యం గుర్తొచ్చి ఉంటుంది.

అయినా ఆయన లెక్కల మనిషి. లేచి నిలబడి, 'తడి మెట్లు' తెరిచి, పీతల ఘట్టం రెండు పేజీలు గడగడా చదివి వినిపించాడు. కొందరు ముక్కులు మూసుకున్నారు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇదండీ పుస్తకంలో ఉన్నది. తడి అడుగు ఎక్కడుందో వారు చూపిస్తే... వారు చెబితే సంతోషిస్తాను" అని కూర్చున్నాడు.

పెద్దాయన లేచాడు. "మాస్టారి లెక్క అణా పైసలతో సహా సరిపోయింది. తప్పు నాది. నాకు చూపు పోయింది, మీకు చెప్పకుండా దాచాను. పుస్తకాలు చదివిపెట్టేది మా కోడలు. భయమేసిన చోట పేజీలు వదిలేసి సొంతంగా చెప్పింది. అది దొర ప్రతిభ అనుకుని నేను రాశాను. ఆ ఆరు సమీక్షలనూ ఈ సభలోనే రద్దు చేస్తున్నాను, క్షమించమంటున్నాను." హాలు గలగలలాడింది. ఎడిటర్ తల దించుకుని కాగితం మీద ఏదో రాసుకోసాగాడు. పెద్దాయన కర్ర ఎత్తి ఆపాడు. "ఆగండి, అయిపోలేదు. తొమ్మిది నవలల్లో నాకు ఆరుసార్లు ఒళ్లు గగుర్పొడిచింది. ఆ ఆరిట్లో ఒక్కటీ దొర రాసింది కాదు. ముప్పై ఏళ్లుగా దయ్యాల్ని తూకం వేస్తున్న మనిషిని, అయినా నా మాట నమ్మక్కర్లేదు. మీరే వినండి. అమ్మాయ్, తడి అడుగు చెప్పు."

గమనికమ్మ చేతికి మైకు వచ్చింది. ఎదురుగా డెబ్బై ముఖాలు, మధ్యలో అద్దం లేదు. కళ్లు మూసుకుని మైకు నొక్కింది.

"ప్రయాణికులకు గమనిక" అంది.

హాలు హాలంతా పగలబడి నవ్వింది. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. ఇంతలో ఎవరో "ఓరి, ఇది మన బస్ స్టేషన్ గొంతే!" అన్నారు. అవును, వాళ్లు రోజూ వినే గొంతే అది. పన్నెండేళ్లుగా ఆ గొంతు చెప్పిన ప్లాట్‌ఫారం దగ్గరికే వాళ్లు కళ్లు మూసుకుని వెళ్తున్నారు. ఆ సంగతి తట్టేసరికి ఆవిడకు ఎక్కడ లేని ధైర్యం వచ్చింది. కళ్లు తెరిచింది. గొంతులో ఎత్తూ పల్లం లేకుండా, బస్సు వచ్చే వేళ చెప్పినట్టే మొదలుపెట్టింది.

"సముద్రం ఒడ్డున ఒక ఇల్లు. భర్త నీళ్లలో పోయాడు. శవం దొరకలేదు. ఇంట్లో ఆవిడ ఒక్కతే. ఒకరోజు పొద్దున లేచి చూస్తే కింది మెట్టు మీద ఒక తడి అడుగు. ఒకటే. తుడిచేసింది. మర్నాడు రెండో మెట్టు మీద. మూడోనాడు మూడో మెట్టు మీద. మొత్తం పదకొండు మెట్లు. ఆయనే వస్తున్నాడనుకుంది. భయపడింది. తర్వాత భయం పోయి, ఎదురుచూడ్డం మొదలైంది. పడగ్గది తలుపు తీసే ఉంచింది. పదకొండో రోజు పై మెట్టు మీద కనిపించింది అడుగు. ఆవిడ పక్కన కూర్చుంది. భర్త పాదం ఎంతుండేదో ఆవిడకు తెలుసు. ఇది అంత లేదు. చిన్నది. చిటికెన వేలు దగ్గర వంకర. ఆవిడ తన కాలు తీసి ఆ తడి పక్కన పెట్టింది."

అక్కడ ఆగింది. కావాలనే ఆగింది. మైకు నొక్కే ఉంది. ఒక క్షణం. రెండు. మూడు. ఆ గొంతు మధ్యలో ఆగడం ఆ జనం ఎన్నడూ వినలేదు. ఏదో కొంప మునిగిందని వాళ్ల ఒంటికి తెలిసిపోయింది. నాలుగు.

"సరిగ్గా సరిపోయింది" అంది గమనికమ్మ. "అప్పుడు చూసుకుంది. తన కాలు తడిగా ఉంది. కాలికి ఇసుక అంటుకుని ఉంది. నీళ్లలో పోయింది ఎవరో ఆవిడకు అప్పుడు గుర్తొచ్చింది."

మైకు కట్టేసింది. చప్పట్లు లేవు. దగ్గు లేదు, కుర్చీ కదిలిన చప్పుడు కూడా లేదు. పెద్దాయన తల అటూ ఇటూ తిప్పి చెవి రిక్కించాడు. ఏమీ వినిపించలేదు. ఆయన ముఖంలో దిగులు కమ్ముకుంది.

"అమ్మాయ్, ఏమైంది? అందరూ లేచి వెళ్లిపోయారా?" అన్నాడు.

గమనికమ్మ హాలంతా ఒకసారి కలయజూసింది. ఆవిడ గొంతు మొట్టమొదటిసారి వణికింది, అదీ భయంతో కాదు.

"లేదు మామయ్యా. అందరూ ఇక్కడే ఉన్నారు. కాళ్లు కుర్చీల మీదికి లాక్కుని కూర్చున్నారు."

పెద్దాయన పళ్లులేని నోటితో పెద్దగా, హాలు అదిరిపోయేలా నవ్వాడు. దాంతో కట్ట తెగినట్టు చప్పట్లు మొదలయ్యాయి. ఎంతసేపని! ఎడిటర్ రాసుకున్న కాగితం చింపి జేబులో పెట్టుకున్నాడు. డిపో నుంచి నేరుగా వచ్చి వెనక నిలబడ్డ మెకానిక్కు మొగుడు గ్రీజు చేతులతో కళ్లు తుడుచుకుని ముఖమంతా నల్లగా చేసుకున్నాడు. మాస్టారి నవలలు తొమ్మిదీ నేల మీద పడి ఉన్నాయి. ఆయన రెండు కాళ్లూ ఒక్కొక్కటిగా కిందికి దించి, చూసుకుని, లేచి నిలబడ్డాడు.

"నా ఉత్తరంలో ప్రతి అక్షరం నిజం. ఏదీ వెనక్కి తీసుకోను" అన్నాడు. తర్వాత పెద్దాయన దగ్గరికి నడిచివచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు. "ఒక్క ఆఖరి వాక్యం తప్ప."

"అది కూడా నిజమే మాస్టారూ. నాకు కళ్లుండాలనే కదా, ఈ అమ్మాయిని పట్టుకుంది" అన్నాడు పెద్దాయన.

ఎడిటర్ మెల్లగా దగ్గరికొచ్చి, వచ్చే నెల నుంచి శీర్షిక కింద ఎవరి పేరు వేయమంటారని అడిగాడు.

"చదివేది ఆవిడ, ఉలిక్కిపడేది నేను. ఇద్దరివీ వెయ్యండి. దొర రాసింది దొర ఖాతాలో, మా కోడలు చెప్పింది మా కోడలి ఖాతాలో. ఏది ఎవరిదో మాస్టారు సరిచూస్తారు."

"మరి ఆ మిగతా అయిదు?" అని మాస్టారు గట్టిగా అడిగాడు. "చెప్పించండి! లెక్క పూర్తి కావద్దూ?" హాలంతా అదే మాట అందుకుంది.

గమనికమ్మ మామగారి వైపు చూసింది. ఆయన అప్పటికే రెండు చేతులతో కుర్చీ పట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు. ఆవిడ చీర సర్దుకుని, మైకు దగ్గరికి తీసుకుని నొక్కింది.

"శ్రోతలకు గమనిక. రెండో భయం మరికొద్దిసేపట్లో ఈ హాల్లోకి రానున్నది. కాళ్లు కిందికి దించినవారు దయచేసి మళ్లీ పైకి పెట్టుకోవలసిందిగా మనవి."